ప్రింట్ ఆర్డర్

"నువ్వెలాగూ ఇంట్లోనే ఉంటావు కదా," అన్నారు మా ఆయన. ఆ ఒక్క మాటతో నేను సంపాదకురాలినైపోయాను.

అప్పటికి నా చేతిలో టీ కప్పుల ట్రే ఉంది. ముందుగదిలో నలుగురు మగవాళ్ళు గంటసేపటినుంచి తర్జనభర్జన పడుతున్నారు. మా మామగారు పోయి రెండు నెలలైంది. నలభై రెండేళ్ళ కిందట ఆ గదిలోనే ఆయన మొదలుపెట్టి, మూడు నెలలకోసారి పదహారేసి పేజీల నాలుగు ఫారాలతో తెచ్చిన సాహిత్య పత్రికని ఇక ఎవరు నడపాలన్నది ప్రశ్న. మా ఆయనకి బ్యాంకులో ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. మరిదికి తన వ్యాపారంతోనే ఊపిరాడటం లేదు. మూడో ఆయన రిటైరైన లెక్చరరు. ఎవరు పుస్తకం వేసినా ముందుమాట ఆయనే రాస్తారు కాబట్టి మా ఇంట్లో ఆయన్ని ముందుమాట గారంటాం, వెనకాల. ఆయనకి మోకాళ్ళ నొప్పులు. నాలుగో మనిషి ప్రెస్సాయన. తను అచ్చువేసేవాడినే తప్ప చదివేవాణ్ణి కాదని ముందే చేతులెత్తేశాడు. ఇక మిగిలింది నేను. "అమ్మాయి పేరు వేద్దాం. పేరుకే కదా, ఇంటి పత్రిక ఇంట్లోనే ఉంటుంది," అన్నారు ముందుమాట గారు. "పనేముందీ, ఏది వెయ్యాలో ఏది వద్దో మేం చెబుతాం. తను చూసుకుంటుంది." మా ఆయన రిటైరవగానే ఆ కుర్చీ ఆయనకి అప్పజెప్పాలన్నది కూడా అక్కడే తేలిపోయింది. నన్నెవరూ అడగలేదు. "కంగ్రాట్స్ వదినా," అన్నాడు మరిది కప్పు అందుకుంటూ. "టీలో పంచదార కొంచెం తగ్గినట్టుంది."

పంచదార డబ్బా తెచ్చి అతని ముందు పెట్టి వంటింట్లోకి వచ్చేశాను. నాకు కోపం వచ్చిందో నవ్వొచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. ఇంట్లోనే ఉంటాను, నిజమే. ఇంట్లోనే ఉండి పదకొండేళ్ళుగా ఆ పత్రిక చేస్తున్నది నేనే. మామగారికి చూపు పోవడం మొదలైన ఏడాది ఆయన నన్ను పిలిచి, "అమ్మా, భోజనాలయ్యాక ఓ రెండు గంటలు నాకు చదివిపెట్టగలవా?" అని అడిగారు. ఆ రెండు గంటలు నాకు రోజంతా అయ్యాయి. వచ్చిన కట్టలు విప్పడం, ఆయనకి చదివి వినిపించడం, రాసినవాళ్ళకి జవాబులు రాయడం, ప్రెస్సునుంచి వచ్చిన ప్రూఫులు పొయ్యి పక్కన పెట్టుకుని దిద్దడం, చందాదారుల అడ్రసులు అతికించడం. ఒకసారి ఓ కవిగారు తన ప్రూఫు కాగితం ఉల్లిపాయ వాసన వస్తోందని ఫిర్యాదు చేశారు. మామగారు పకపకా నవ్వి, "మా ప్రూఫ్ రీడరు ఉండేది అక్కడే మరి," అన్నారు. గదిలో అందరూ నవ్వారు. తలుపు పక్కన నిలబడి నేనూ నవ్వాను. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ నా చేతిలో కాగితం కనబడితే చాలు, "అవి కడుపు నింపవు తల్లీ, ముందు కుక్కరు చూడు," అనేది. మా ఆయనైతే నలుగురిలో నన్ను మెచ్చుకునేవారు కూడా. "నాన్నకి కళ్ళు ఈవిడే," అనేవారు. ఆ మాటకి నేను చాలా ఏళ్ళు పొంగిపోయాను. కళ్ళు చూస్తాయే కానీ ఆలోచించవని, ఆయన నన్ను మెచ్చుకున్నది అంతమేరకేనని నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

మామగారు చదివించుకునే పద్ధతి ఒకటుంది. పడక్కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకునేవారు. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా ఆపకుండా చదవాలి. రాసినవారి పేరు చివర్లోనే చెప్పాలి. అయిపోయాక ఆయన "వేద్దాం" అనో, "తిప్పి పంపు" అనో ఒక్క మాట అనేవారు. మధ్యలో మాట్లాడేవారు కాదు, ఒక ముక్క మళ్ళీ చదవమనేవారూ కాదు. మంచి చెవి ఆయనది. ఎక్కడ రచయిత దొంగనవ్వు నవ్వాడో ఇట్టే పట్టేసేవారు. నేను కథ చదవడం నేర్చుకున్నది ఆయన దగ్గరే, అది కాదంటే కళ్ళు పోతాయి.

ఎనిమిదేళ్ళ కిందట ఒక టైలరుగారి కథ వచ్చింది. మార్కెట్ వీధిలో చిన్న కొట్టు ఆయనది. పగలు బట్టలు కుట్టి, ఖాళీ దొరికినప్పుడు కథలు రాసేవాడు. ఆ కథలో ఒక ఆవిడ చనిపోయిన తన భర్త కోటు తెచ్చి, తనకి సరిపోయేట్టు చిన్నది చేయమని టైలరుని అడుగుతుంది. దాన్ని వేసుకుని కొత్త ఉద్యోగానికి వెళ్ళాలట. అంతే కథ. ఆవిడ కోటు బల్లమీద పరిచే దగ్గర ఒక కాగితం అయిపోయింది. నేను తిప్పాను. రెండు కాగితాలు ఒకేసారి తిరిగాయి. "జేబులు మాత్రం తీసేయకండి," అంది ఆవిడ, అన్న వాక్యంతో అవతలి కాగితం మొదలైంది. చదువుకుంటూ పోయాను. మామగారు కళ్ళు తెరిచి, "వేద్దాం. మొదటి కథగా వేద్దాం," అన్నారు. వేశాం. ఆ పేజీ లేకుండానే అచ్చయింది. ఆ కథకి వచ్చినన్ని ఉత్తరాలు మా పత్రికలో మరి దేనికీ రాలేదు.

సంచిక అందిన మూడో రోజు టైలరుగారు వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది, కొట్టు మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు. "అయ్యా, నేను రెండు చేతుల చొక్కా ఇస్తే మీరు ఒక చెయ్యి కోసేసి తొడిగారేంటండీ? నా కథలో ఒక పేజీ ఏమైంది?" అన్నాడు. నేను టీ పట్టుకుని తలుపు దగ్గరే ఆగిపోయాను. మామగారు పడక్కుర్చీలో నిటారుగా కూర్చుని, "అవునయ్యా. నేనే తీసేశాను. అది లేకుండానే నీ కథ బాగుంది," అన్నారు. టైలరుగారు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అతను గేటు దాటాక మామగారు నన్ను పిలిచి, గొంతు తగ్గించి అడిగారు: "ఏ పేజీ పోయిందమ్మా?"

"రెండు కాగితాలు అతుక్కుపోయాయి మామగారూ, చూసుకోలేదు," అన్నాను. "పోన్లే. రొట్టె విరిగి నేతిలో పడింది. బయట ఎవరితోనూ అనకు," అన్నారు. నన్ను కాపాడారని ఎనిమిదేళ్ళు ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

నా మొదటి సంచిక మామగారి స్మారక సంచిక అని కమిటీ తీర్మానించింది. ఎవరెవరు రాయాలో ముందుమాట గారు జాబితా ఇచ్చారు. పద్నాలుగు మంది. పద్నాలుగు వ్యాసాల్లోనూ ఆయన ముక్కుసూటి మనిషి, పద్నాలుగింట్లోనూ ఆయన ఇంటికి వెళ్తే టీ తాగకుండా పంపేవారు కాదు. ఆ టీ ఎవరు పెట్టారో ఒక్కరూ రాయలేదు. సరే, దాన్ని దిగమింగాను, అలవాటైన పనే. పదిహేనో వ్యాసం మా ఆయనది. ఆదివారం పొద్దున్న నా చేతికిచ్చి, "మొదటి పేజీలో ఇదే. కామాలూ అవీ చూడు, మాట మాత్రం ఒక్కటీ మార్చకు," అన్నారు. పేరు 'నాన్నగారి కత్తెర'.

కూరగాయలు పక్కకి నెట్టి అక్కడే చదివాను. వ్యాసమంతా ఆ టైలరు కథ గురించే. "ఆ రాత్రి నాన్నగారు నిద్రపోలేదు. ఆ ఒక్క పేజీ చేతిలో పట్టుకుని, దాన్ని ఉంచాలా తీసేయాలా అని గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. తెల్లవారాక చెయ్యి వణకకుండా దాన్ని తీసి పక్కన పెట్టారు. గొప్ప సంపాదకుడి ధైర్యం అది." చూపు లేని మనిషి పేజీ చేతిలో పట్టుకుని ఏం చూశారో ఆ వ్యాసంలో లేదు. ఆ ఏడాది మా ఆయన ట్రాన్స్‌ఫరు మీద వేరే ఊళ్ళో ఉన్నారన్నదీ లేదు. మూడోసారి చదువుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆయన మీద కాదు, ముందు నా మీద.

ఎందుకంటే నేను మామగారికి చెప్పింది అబద్ధం. కాగితాలు అతుక్కున్న మాట నిజమే. కానీ "జేబులు మాత్రం తీసేయకండి" దాటి రెండు వాక్యాలు చదివేసరికే నా వేళ్ళకి ఆ రెండో కాగితం తగిలింది. ఇట్టే విడిపోయింది. నోటితో ఇది చదువుతూనే కంటితో అది చూశాను. అందులో టైలరు ఆ ఆవిడకి ధైర్యం గురించి, స్త్రీ శక్తి గురించి పేజీడు ఉపదేశం చేస్తాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ వింటుంది. కోటు తెచ్చుకున్న మనిషికి ఉపదేశం ఎందుకనిపించింది. వెనక్కి వెళ్ళి, "మామగారూ, ఒక పేజీ దాటేశాను," అనడానికి నాకు బోలెడు సమయముంది. వెళ్ళలేదు. మిగతాది ముందుకన్నా బాగా చదివాను. సాయంత్రం ప్రెస్సుకి పంపే కట్టలోంచి ఆ కాగితం తీసి పుస్తకాల అలమరలో పెట్టింది కూడా నా చేతులే. పొరపాటన్నది ఆ మొదటి రెండు వాక్యాలకే. తర్వాత జరిగినదంతా నా నిర్ణయం. దాన్ని పొరపాటని చెప్పుకుంటే మాట పడక్కర్లేదు కాబట్టి, ఎనిమిదేళ్ళు నాకు నేనే అలా చెప్పుకున్నాను. నేను వదిలేసిన దాన్ని మామగారు ఎత్తుకున్నారు, ఇప్పుడు మా ఆయన దానికి పూలదండ వేస్తున్నారు. రేపు ఆ వ్యాసం నా పేరుమీద వచ్చే సంచికలో అచ్చయిందంటే, దానికి నేనే రాజముద్ర వేసినట్టు. ఇక ఆ తర్వాత రెండేళ్ళు కాదు, ఇరవై ఏళ్ళు ఆ పేరు అక్కడున్నా నేను ఉత్సవవిగ్రహాన్నే.

మర్నాడు అలమరలోంచి ఆ పేజీ తీసుకుని టైలరుగారి కొట్టుకి వెళ్ళాను. ఆయన మిషను ఆపి, కాగితం అందుకుని, తన దస్తూరీ గుర్తుపట్టి నావైపు చూశాడు.

"ఇది తీసింది మా మామగారు కాదండీ. నేను," అన్నాను.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. "మీరా అమ్మా? తెలిసేనా?"

"తెలిసే."

"అంటే ఎనిమిదేళ్ళు పాపం ఆ పెద్దాయన మీద కోపం పెట్టుకున్నానన్నమాట. ఆయన పోయినప్పుడు కూడా నేను రాలేదు, తెలుసా? తప్పు చెయ్యని మనిషిని తిట్టుకున్నాను."

"ఇప్పుడు పోయిందా కోపం?"

"పోవడమేంటమ్మా? ఇక మీ మీద!" అని గట్టిగా అన్నాడు. "ఆ పేజీ మా అమ్మ కోసం రాసుకున్నాను. ఆవిడకి ఎవరూ అలాంటి మాటలు చెప్పలేదు. చెప్పుంటే బాగుండునని రాశాను. మీకేం తెలుసు?"

నాకు తెలియదు. ఆ సంగతి నిజంగా తెలియదు. నా ముఖం కందిపోయింది. అయినా నిల్చున్నాను. పెళ్ళయ్యాక నా మీద చాలామంది విసుక్కున్నారు. కూరలో ఉప్పుకీ, బీరువా తాళానికీ, ఆలస్యమైన ప్రూఫులకీ. నేను ఆలోచించి చేసిన పని మీద ఒక మనిషికి కోపం రావడం అదే మొదలు. ఆ కోపం నా పేరుమీదే వచ్చింది, ఇంకెవరి పేరుమీదా కాదు. సిగ్గుగా ఉంది, భయంగా ఉంది, లోపల ఎక్కడో చెప్పలేనంత సంతోషంగానూ ఉంది.

"మీ మాటలు అలాగే రాసివ్వండి," అన్నాను. "నన్ను తిడుతూనే రాయండి. వేస్తాను. ఈ పేజీ కూడా వేస్తాను. పక్కనే నేనెందుకు తీశానో రాస్తాను. ఎవరిది ఒప్పో చదివినవాళ్ళు తేల్చుకుంటారు."

"తిడితే వేస్తారా?"

"కోపం తగ్గకముందే రాయండి మరి."

ఆయన కుడుతున్న బట్ట పక్కకి తోసి, అక్కడే బిల్లుపుస్తకం వెనక రాయడం మొదలుపెట్టాడు. మధ్యలో తలెత్తి, "కోటు పరవగానే ఆ జేబుల మాట రావడం మాత్రం... బాగానే ఉందిలెండి," అని గొణిగి మళ్ళీ తిట్టడంలో పడ్డాడు.

మా పత్రికలో మామగారు పెట్టిన నియమం ఒకటుంది. తిప్పి పంపే రచన ఎంత దగ్గరివాళ్ళదైనా చేతికివ్వకూడదు, పోస్టులోనే పంపాలి. చేతికిస్తే గొడవవుతుంది, పోస్టులో వెళ్తే ఉత్తరమవుతుంది అనేవారు. ఆ ప్రకారమే చేశాను. శనివారం మధ్యాహ్నం మా ఆయన వరండాలో పేపరు చదువుకుంటుంటే పోస్ట్‌మాన్ కవరిచ్చి వెళ్ళాడు. "మీ వ్యాసం అందింది. భాష బాగుంది. అయితే ఇందులో చెప్పిన సంఘటన ఇలా జరగలేదు. మీరు కళ్ళారా చూసినది రాసి పంపితే సంతోషంగా పరిశీలిస్తాం." కింద నా పూర్తి పేరు, సంపాదకురాలు.

"నా పక్కన పడుకుని లేచి, నాకు పోస్టులో పంపిస్తావా?" అంటూ లోపలికొచ్చారు. జరిగింది చెప్పాను. మొదట నమ్మలేదు. "నువ్వా? నువ్వు తీశావా?" అని రెండుసార్లు అడిగారు. ఆ 'నువ్వా'లో ఉన్న ఆశ్చర్యం చూసి నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడవలేదు.

"నాన్న పోయి మూడు నెలలు కాలేదు, ఆయన పరువు బజారున పెడతావా?"

"ఆయన పరువు ఆయనకుంది. నూట అరవై పైచిలుకు సంచికలు తెచ్చారు. ఎవరూ పట్టించుకోనివాళ్ళని పిలిచి రాయించారు. మీరు కాలేజీ రోజుల్లో ఆయనతో ప్రెస్సుకి వెళ్ళేవారట కదా, అది రాయండి. అందులో ఆయన ఉంటారు. ఆ పేజీ ఒక్కటీ నాది."

"కళ్ళు కనబడని మనిషికి అబద్ధం చెప్పావన్నమాట."

దెబ్బ తగలాల్సిన చోటే తగిలింది. "చెప్పాను. అది కూడా రాశాను," అన్నాను.

ఆయన కవరు బల్లమీద పడేశారు. "పేరు వేస్తామన్నాం కదా అని నెత్తికెక్కితే ఎలా? రెండేళ్ళ ముచ్చటకి ఇంత రాద్ధాంతం ఎందుకు నీకు?"

"రెండేళ్ళయినా రెండు సంచికలైనా, నా పేరున్నన్నాళ్ళు నేనే చూస్తాను. ఆ తర్వాత మీరు కావాలంటే అప్పుడు మాట్లాడుకుందాం. అప్పటికి నేను కుర్చీ ఖాళీ చేస్తానని మాత్రం అనుకోకండి."

"ప్రెస్సుకి నేను చెబుతాను," అని ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయారు. ఆదివారం సాయంత్రం ముందుమాట గారు ఫోన్ చేసి, "అమ్మా, ఆడవాళ్ళకి పంతం పనికిరాదు," అన్నారు. "పంతం కాదండీ, ప్రూఫులు దిద్దుకుంటున్నాను," అని పెట్టేశాను.

సోమవారం మధ్యాహ్నం ప్రెస్సుకి వెళ్ళాను. ఆఖరి ప్రూఫు మీద సంపాదకుడు 'అచ్చుకి సరే' అని సంతకం పెడితేనే మిషను తిరుగుతుంది. దాన్నే ప్రింట్ ఆర్డర్ అంటారు. చివరి అయిదేళ్ళూ మామగారి చెయ్యి పట్టుకుని ఆ సంతకం పెట్టించింది నేనే. ప్రెస్సాయన నన్ను చూసి లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచాడు.

"సారు ఫోన్ చేశారమ్మా. ఆపమన్నారు. ఆయనొచ్చి చూసుకున్నాక వెయ్యమన్నారు."

"ప్రింట్ ఆర్డర్ మీద ఎవరి సంతకం ఉండాలి?"

"ఎడిటరుదమ్మా."

"ఈ సంచికలో ఎడిటరని ఎవరి పేరు కంపోజ్ చేశారు?"

ఆయన తనే వేసిన పేజీని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "మీదే. కానీ పేరుకేనని అన్నారు కదమ్మా ఆరోజు."

"వాళ్ళన్నారు. నేను అనలేదు."

ప్రెస్సాయన తల గోక్కున్నాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన మా ఇంటి మగవాళ్ళ మాట వింటున్నాడు. నాకు ఆయన ఇబ్బంది అర్థమైంది. తొందరపెట్టలేదు. బల్లముందు కుర్చీ లాక్కుని కూర్చుని, మొదటి పేజీనుంచి ఆఖరిదాకా మరోసారి చదివాను. ముందు టైలరుగారి తిట్లు, ఆయన పేజీ, పక్కన నా జవాబు. తర్వాత పద్నాలుగు నివాళుల్లో నాలుగు. మిగిలిన చోటంతా, మామగారు మంచాన పడ్డప్పటినుంచి ఆరు నెలలుగా ఎవరూ విప్పని కట్టల్లోంచి నేను ఏరిన కథలూ కవితలూ. ఒకచోట తప్పుపడిన అంకె దిద్దాను. 'అచ్చుకి సరే' అని రాసి సంతకం పెట్టాను.

సాయంత్రం ప్రెస్సు ఫోన్ మోగింది. ప్రెస్సాయన చూసి, మాట్లాడకుండా నా చేతికిచ్చాడు.

"అక్కడే ఉన్నావా? ఇంటికి రా. కూర్చుని మాట్లాడుకుందాం," అన్నారు మా ఆయన.

"వస్తాను. నాలుగు ఫారాలూ అచ్చయ్యాక, చూసుకుని వస్తాను."

"అప్పటికి ఎనిమిదవుతుంది."

"అవుతుంది."

పరువు గురించి అంటారనుకున్నాను, వాళ్ళ నాన్న గురించి అంటారనుకున్నాను. జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"మరి వంట?" అన్నారు.

"మీరు చేయండి," అన్నాను. "నాకు కూడా కాస్త ఉంచండి."

ఫోన్ ప్రెస్సాయన చేతికి తిరిగిచ్చి, సంతకం పెట్టిన కాగితం ఆయన ముందుకి జరిపాను.

"కానివ్వండి."